పల్లెలో ముసలితనం: ఇల్లు, సంరక్షణ, కాగితాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

2011 జనాభా లెక్కల్లో 60 ఏళ్లు దాటినవాళ్లు దేశంలో 10.38 కోట్ల మంది. అందులో ఏడు కోట్లకు పైగా పల్లెల్లోనే ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో ఇప్పుడు వీధికి నాలుగైదు ఇళ్లకు తాళాలు, మరో నాలుగైదు ఇళ్లలో ఒక ముసలాయనో ఒక ముసలామో. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటారు. అలాంటి ఇళ్లవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

అమ్మానాన్నలు ఇంకా బాగానే తిరుగుతున్నారు. ఇప్పుడే ప్లాను ఎందుకు?

కాగితాల మీద సంతకం పెట్టగలిగేది, కొత్త అలవాటు నేర్చుకోగలిగేది ఇప్పుడే కాబట్టి. తుంటి ఎముక విరిగాక బాత్రూం కట్టించడం మొదలుపెడితే తాపీ మేస్త్రి దొరికి, పని పూర్తయ్యేసరికి నెల దాటుతుంది. ఆ నెలంతా మనిషి మంచంలోనే. మతిమరుపు ముదిరాక బ్యాంకు పని, రిజిస్ట్రేషన్ పని రెండూ ఆగిపోతాయి.

గుర్తులు కొన్ని ఉంటాయి. ఏడాదిలో రెండోసారి పడటం, మాత్రల అట్టలో రోజులు తప్పిపోవడం, కూర మాడుతున్నా వాసన తెలియకపోవడం, ఎప్పుడూ పొలం గట్టు దాకా వెళ్లే మనిషి అరుగు దిగకపోవడం. వీటిలో రెండు కనబడితే వచ్చే పండక్కి చూద్దామని వాయిదా వేయకండి.

ఎంత సాయం కావాలో ఎలా తెలుస్తుంది?

ఆరు పనులు చూడండి: స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి నడవడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. ఒక్కోదానికి "తనే చేసుకుంటారు, పక్కన మనిషి ఉండాలి, చేసిపెట్టాలి" అని మూడు రకాలుగా గుర్తు పెట్టుకోండి. అమ్మని అడిగితే "నాకేం, అన్నీ చేసుకుంటా" అంటుంది. అందుకే అడగవద్దు, మూడు రోజులు ఇంట్లో ఉండి చూడండి. ఒక నోటుబుక్కులో టైముతో సహా రాయండి.

ఈ లెక్కలో అందరూ మరిచిపోయేది రాత్రి. పగలు పక్కింటివాళ్లు, పాలు పోసే అమ్మాయి, పనిమనిషి ఎవరో ఒకరు తొంగిచూస్తారు. రాత్రి రెండింటికి మూత్రానికి లేచినప్పుడు ఎవరున్నారు? ఊళ్లో ఉండనివ్వాలా, తీసుకెళ్లాలా అన్న వాదన చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి సాగుతుంది. అసలు తేల్చుకోవాల్సింది మాత్రం రాత్రి సంగతే. దానికి ఏర్పాటు కుదిరితే ఊళ్లోనే చాలా ఏళ్లు నడుస్తుంది.

నాన్న ఊరు వదిలి రానంటున్నాడు. బలవంతంగా తీసుకెళ్లాలా?

ఊళ్లో ఆయనకి దారి తెలుసు, రచ్చబండ దగ్గర నలుగురు పేరు పెట్టి పిలుస్తారు. నాలుగో అంతస్తు ఫ్లాటులో పలకరించేవాళ్లే ఉండరు. అందుకని ముందు ఇల్లు మార్చండి, తర్వాత మనిషిని పెట్టండి, ఈ రెండూ సరిపోనప్పుడే మనిషిని కదిలించండి. ఈ వరస చాలామంది తిరగేస్తారు.

తప్పనిసరిగా కదిలించాల్సిన పరిస్థితులు మూడు: వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ అవసరమై దగ్గర్లో కేంద్రం లేకపోవడం, దారి తప్పిపోయే స్థాయి మతిమరుపు, రాత్రి మనిషి అసలు దొరక్కపోవడం.

ఇంట్లో ముందు ఏం మార్చాలి?

బాత్రూం. డబ్బు ఒక్కదానికే ఉంటే అది దీనికే.

పాత ఇళ్లలో మరుగుదొడ్డి పెరట్లో, ఇంటికి ఇరవై ముప్పై అడుగుల దూరంలో ఉంటుంది. మధ్యలో తడి నాపరాళ్లు, రెండు మెట్లు, ఒక చీకటి మూల. వర్షాకాలంలో నాచు. పెద్దవాళ్లు పడేది చాలావరకు ఇక్కడే. వీలైతే వెనక వసారాలో, పడుకునే గదిని ఆనుకుని కనీసం 5 అడుగులు 7 అడుగుల బాత్రూం కట్టించండి. చక్రాల కుర్చీ లోపల తిరగాలంటే మాత్రం 5 అడుగుల చదరం ఖాళీ నేల వదలాలి. తలుపు 3 అడుగుల వెడల్పు ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి దానికి అడ్డంగా పడినప్పుడు బయటివాళ్లు తోసినా రాదు. గడియ కూడా బయటినుంచి తీయగలిగేది పెట్టించండి.

కమోడు సీటు నేలనుంచి 18 అంగుళాలు ఉండాలి. సాధారణ కమోడు పొట్టిగా ఉంటే కింద సిమెంటు దిమ్మె కట్టి ఎత్తు పెంచవచ్చు. నేలకు గరుకు టైలు వేయండి. నీళ్లు పోయే వాలు అడుగుకు పావు అంగుళం చాలు. అంతకన్నా ఎక్కువైతే నిలబడ్డప్పుడు కాళ్లు జారతాయి.

పట్టుకునే కడ్డీలు రెండు. ఒకటి కమోడు పక్క గోడకు అడ్డంగా, నేలనుంచి 28 అంగుళాల ఎత్తున. రెండోది తలుపు పక్కన నిలువుగా. పైపు మందం అంగుళంపావు నుంచి అంగుళంన్నర, గోడకూ దానికీ మధ్య రెండు అంగుళాల సందు. తువ్వాలు ఆరేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు, మొదటిసారి గట్టిగా పట్టుకోగానే మేకులతో సహా ఊడి వస్తుంది. ఇటుక గోడకైతే యాంకర్ బోల్టులు వేయించండి. మట్టిగోడకూ, లోపల బోలుగా ఉండే ఇటుకల గోడకూ బోల్టు నిలవదు. వాటికి గోడకు ఆరపార రంధ్రం చేసి అవతలి వైపు ఇనుప పలక పెట్టి బిగించాలి, లేదా నేలలో స్తంభం పాతి దానికి కడ్డీ వెల్డింగ్ చేయించాలి. బిగించాక మేస్త్రినే రెండు చేతులతో వేలాడమనండి. అది ఊగితే ఇంకా డబ్బు ఇవ్వకండి.

కట్టించే స్థోమత లేదా? పాత మరుగుదొడ్డి బేసిన్ మీద పెట్టే స్టీలు కమోడ్ కుర్చీ తెచ్చుకోండి, రాత్రికి అదే కుర్చీ కింద బకెట్టు పెట్టి మంచం పక్కన ఉంచండి. దాని కాళ్లకుండే రబ్బరు బుష్షులు అరిగిపోతే తడి నేల మీద కుర్చీయే జారుతుంది. మూడు నెలలకోసారి తిప్పి చూసి మార్చండి.

మెట్ల బదులు ర్యాంపు కట్టిస్తే?

ఎత్తు ఒక అడుగుంటే ర్యాంపు పొడవు 12 అడుగులు కావాలి. మన ఇళ్ల పునాదులు రెండున్నర, మూడు అడుగులు. అంటే 30 నుంచి 36 అడుగులు, మధ్యలో ఒక మలుపు. అంత జాగా ఎవరికీ ఉండదు. అందుకని మేస్త్రి పది అడుగుల్లో కానిచ్చేస్తాడు. అది ర్యాంపు కాదు, జారుడుబండ. జాగా లేకపోతే మెట్లే మార్చండి: ఒక్కో మెట్టు 6 అంగుళాల ఎత్తు, 12 అంగుళాల వెడల్పు, రెండు వైపులా చేపట్టు, మెట్టు అంచుకు తెల్లరంగు గీత.

గడప తీయమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, పసుపు కుంకుమ పెట్టిన గడప మరి. తీయనక్కర్లేదు. గడపకు రెండు వైపులా చెక్కతో వాలు పలకలు పెట్టండి, లేదా రోజువారీ రాకపోకలు పక్క తలుపు గుండా పెట్టుకోండి. అన్నట్టు, లోతుగా కుంగిన నవారు మంచం, నులక మంచం మీంచి ముసలివాళ్లు లేవలేరు. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా, 18 నుంచి 20 అంగుళాల ఎత్తున్న బల్లమంచం, దాని మీద గట్టి పరుపు వేయండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

అన్నదమ్ములం నెలవంతులు వేసుకున్నాం. అది మంచి పద్ధతేనా?

కొడుకులకు న్యాయంగా కనిపిస్తుంది. తల్లిదండ్రులకు మాత్రం నెలనెలా ఇల్లు మారుతుంది. మూటతో పాటు మందుల సంచి వెళ్తుంది, డాక్టరు చీటీ పాత ఇంట్లో ఉండిపోతుంది. కొత్త ఇంట్లో చీకట్లో బాత్రూం ఎటో తెలియక పడతారు. ఇంకా అన్యాయం, అమ్మ ఒకరి దగ్గర, నాన్న ఇంకొకరి దగ్గర అని విడదీయడం. యాభై ఏళ్లు కలిసి బతికినవాళ్లలో ఒకరు మందు గుర్తుచేస్తే ఒకరు చేయిపట్టి నడిపిస్తారు. విడదీస్తే ఇద్దరికీ విడివిడిగా మనిషి కావాలి.

వంతులు తిప్పాల్సింది పెద్దవాళ్లను కాదు, పనినీ ఖర్చునూ. ఒకరు డబ్బు, ఒకరు ఆస్పత్రి, దగ్గర్లో ఉన్న కూతురు రోజువారీ చూపు. దగ్గరున్న ఆడపిల్ల చాకిరీని ఎవరూ లెక్కలో వేయరు, ముందే దానికి విలువ కట్టి చెప్పుకోండి. కదలక తప్పకపోతే కనీసం ఆరు నెలలు ఒకచోట ఉంచండి. పింఛను ఉన్న ఊరికి దూరంగా ఉంచితే అది కూడా చూసుకోండి: ఆంధ్రలో పింఛను ఒకటి రెండు నెలలు అందుకోకపోతే మూడో నెల కలిపి ఇస్తారు, అదీ దాటితే ఆగిపోతుంది.

ఊళ్లో చూసుకోవడానికి మనిషి దొరకడం లేదు. దొరికినా నిలవడం లేదు.

నిలవకపోవడానికి మొదటి కారణం వ్యవసాయ పనులు. నాట్లప్పుడు, పత్తితీతలప్పుడు, మిరపకోతలప్పుడు కూలి ధర లేస్తుంది. నెల జీతం మీద ఉన్న మనిషి ఆ వారాలు మానేస్తుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. జీతం మాట్లాడుకునేటప్పుడే ఈ నెలలకు విడిగా పెంచి చెప్పండి, లేకపోతే ఆ నెలలకు రెండో మనిషిని ముందే చూసుకోండి.

పనులు కాగితం మీద రాసుకోండి: ఎన్నింటికి రావాలి, స్నానం చేయించాలా, డయపర్ మార్చాలా, వంట ఎవరికి. "ఇంటి మనిషిలా చూసుకో" అని వదిలేస్తే మూడో నెలకి గొడ్ల పని, బట్టల పని కూడా ఆమె మీదే పడుతుంది. నెలకు నాలుగు సెలవులు ఇవ్వండి, ఆ రోజుల్లో ఎవరొస్తారో కూడా రాయండి. మొగవాళ్లకి స్నానం చేయించడానికి ఆడమనిషి ఇబ్బంది పడితే వారానికి రెండు రోజులు వేరే మొగమనిషిని మాట్లాడటం ఊళ్లలో మామూలే. డబ్బు, బంగారం, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టకండి. దొంగతనం భయం ఒక్కటే కాదు, ఏదైనా కనబడకపోతే అనుమానంతోనే మంచి మనిషి పోతుంది.

పూర్తిగా మంచాన పడితే ఇంట్లో చూడగలమా?

చూడగలరు, కొన్ని పనులు గడియారం చూసి చేస్తేనే. రెండు గంటలకోసారి పక్క మార్చాలి: ఎడమ, వెల్లకిల, కుడి. పడక పుళ్లు మొదట నడుము కింద, మడమల దగ్గర, తుంటి మీద వస్తాయి. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకు మొదటి మెట్టు. అక్కడ మాలిష్ చేయకండి, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. ఆ పక్కకి పడుకోబెట్టడం ఆపండి. గాలిపరుపు వాడితే కరెంటు పోయినప్పుడు దాని పంపు ఆగుతుందని గుర్తుంచుకోండి, ఇన్వర్టరుకు కలపాలి. గాలిపరుపు ఉన్నా పక్క మార్చడం మానకూడదు.

అన్నం పెట్టేటప్పుడు తల, వీపు ఎత్తి కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. దగ్గు వచ్చిన ప్రతిసారీ మెతుకు అడ్డుపడిందనుకుని ఊరుకోకండి. మూత్రం గొట్టం సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి. మామూలు రబ్బరు గొట్టం రెండు నుంచి నాలుగు వారాలకు, సిలికాన్‌ది గరిష్ఠంగా పన్నెండు వారాలకు మార్చాలి. ఆ పనిని ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త, నర్సు) చేత లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయించండి.

నొప్పి, పుళ్లు, క్యాన్సర్ చివరి దశ ఉంటే జిల్లా ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉందేమో ఆశా కార్యకర్త ద్వారా కనుక్కోండి.

నాన్నకి మతిమరుపు పెరుగుతోంది. బ్యాంకు పనులెలా?

ఆయన ఇంకా గుర్తుపట్టి మాట్లాడుతున్నప్పుడే ఖాతాను జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా మార్పించండి, నామినీ రాయించండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే అధికారపత్రం) ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి: రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే మన చట్టంలో జీపీఏ చెల్లదు. అప్పుడు సంరక్షకుడిగా నియమించమని హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. ఆయన జేబులో ఊరి పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ కుట్టేయండి. పాత బావికి మూత, పెరటి గేటుకు గొళ్లెం వేయించండి.

నెలకి డబ్బు ఎక్కడినుంచి?

ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను నెలకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. వృద్ధాప్య పింఛను తీసుకుంటూ తర్వాత పక్షవాతం వచ్చినవాళ్లు రకం మార్పించుకోకుండా పాతదే తీసుకుంటూ ఉండిపోతుంటారు. మెడికల్ బోర్డు ధ్రువపత్రంతో గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టండి. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను 2,016. వేలిముద్ర పడకపోతే కనుపాపో ముఖమో చూసి ఇమ్మని అడగండి. పొలం పని చేసిన చేతుల గీతలు అరిగిపోవడం మామూలే.

కాస్త దాచుకున్న డబ్బుంటే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ పథకం: 60 దాటినవాళ్లకు గరిష్ఠంగా 30 లక్షలు, అయిదేళ్లు. 8.2 శాతం వడ్డీ లెక్కన పది లక్షలకు మూడు నెలలకోసారి 20,500 చేతికొస్తాయి. కౌలు డబ్బు పంటకోసారే వస్తుంది కాబట్టి నెలవారీ జీతాలకు దాన్ని నమ్ముకోకండి. అది మందులకు, మరమ్మతులకు పక్కన పెట్టండి.

కర్ర, వాకరు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు, చక్రాల కుర్చీ ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం వయోశ్రీ. 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. శిబిరం ఎప్పుడో జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖలో కనుక్కోవాలి.

ఆరోగ్య కార్డు ఉంది కదా, సంరక్షణ ఖర్చు రాదా?

రాదు. 70 దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. తప్పకుండా తీసుకోండి. కానీ అది ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకే, ఇంటికొచ్చాక 15 రోజుల మందుల దాకా. డయపర్లు, మనిషి జీతం, గాలిపరుపు ఏ కార్డులోనూ రావు. ఏళ్ల తరబడి పోయేవి అవే.

పిల్లలు పొలం, ఇల్లు ఇప్పుడే తమ పేరు మీద రాసిమ్మంటున్నారు. రాసివ్వాలా?

వీలునామాకూ దాన సెటిల్‌మెంటుకూ తేడా తెలుసుకోకుండా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లకండి. వీలునామా మీరు పోయాకే అమలవుతుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దాన దస్తావేజు అయితే సంతకం పెట్టిన రోజే ఆస్తి చేతులు మారుతుంది. పాసుపుస్తకం మారితే రైతు సాయం డబ్బు, పంట రుణం కూడా కొత్త పేరుకే.

రాసివ్వక తప్పదనుకుంటే రెండు వాక్యాలు దస్తావేజులోనే ఉండాలి. ఒకటి, ఈ ఇంట్లో బతికున్నంతకాలం ఉండే హక్కు, పంట అనుభవించే హక్కు మాదే అని. రెండు, తిండి, బట్ట, వైద్యం, సంరక్షణ చూసే షరతు మీదే ఇస్తున్నాం అని. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయించవచ్చు. "ప్రేమాభిమానాలతో ఇచ్చితిమి" అని మాత్రమే రాస్తే కష్టం. షరతు ఉన్నట్టు చూపాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో తల్లి పక్షాన ఉదారంగా తీర్పిచ్చింది, కానీ అక్కడ కొడుకు విడిగా రాసిచ్చిన మాటపత్రం ఉంది. దస్తావేజు లేఖరి దగ్గర అచ్చు నమూనా ఉంటుంది, అందులో ఈ షరతు ఉండదు. చెప్పి రాయించుకోవాలి.

పిల్లలు పట్టించుకోకపోతే?

అదే చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ చాలు, లాయరు అక్కర్లేదు. నోటీసు వెళ్లిన 90 రోజుల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 దాకా పోషణ ఇప్పించవచ్చు, కేసు నడుస్తుండగా మధ్యంతరంగానూ అడగవచ్చు. పిల్లలు లేనివాళ్లు ఆస్తికి వారసులయ్యే బంధువు మీద వేయవచ్చు. ఆర్డరు వచ్చాక డబ్బు ఇవ్వకపోతే, బాకీ పడిన మూడు నెలల్లోపే మళ్లీ అర్జీ పెట్టాలి. ఇది తెలియక నెలలు గడిపేసి, ఆ బాకీకి వారంటు తెచ్చుకునే వీలు పోగొట్టుకుంటారు. సలహాకు, ఆపదకు ఎల్డర్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా.

వృద్ధాశ్రమం చూస్తున్నాం. ఏం అడగాలి?

గదులు, గుడి, తోట చూపిస్తారు. మీరు రాత్రి తొమ్మిది దాటాక వెళ్లి ఎంతమంది సిబ్బంది మేలుకుని ఉన్నారో చూడండి. మంచాన పడితే ఉంచుకుంటారా, పంపేస్తారా? చాలా చోట్ల నడిచేవాళ్లనే ఉంచుకుంటారు. ఆ సంగతి డిపాజిట్ కట్టాక తెలుస్తుంది. మధ్యలో వచ్చేస్తే డిపాజిట్ ఎంత తిరిగి వస్తుంది, ఆస్పత్రిలో సంతకం ఎవరిది, పోయాక ఎవరికి ఫోన్ చేస్తారు అన్నవి రాతలో తీసుకోండి. మొదట నెల రోజులు ఉండి చూడనివ్వమనండి.

పంచాయతీ ఏమైనా చేయగలదా?

చేయగలదు, ఎవరైనా పట్టుబడితే. ముందు జాబితా: ఒంటరిగా ఉన్నవాళ్లు, మంచాన ఉన్నవాళ్లు, రాత్రి మనిషి లేనివాళ్లు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు కూర్చుంటే ఒక ఊరి జాబితా ఒక రోజు పని. దాన్ని గ్రామసభలో పెట్టి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పించండి. ఆ ప్రణాళికకున్న తొమ్మిది అంశాల్లో సామాజిక భద్రత ఒకటి, కానీ సిమెంటు రోడ్ల మాటల్లో అది అడుగున పడిపోతుంది.

మూతబడ్డ బడి గది, తాళం వేసిన ఎన్నారై ఇల్లు పగటి కేంద్రంగా పనికొస్తాయి: ఒక పూట భోజనం, కుర్చీలు, బీపీ చూసే రోజు, పైన చెప్పిన బాత్రూం. భవనం కష్టం కాదు, వంటమనిషి జీతమే కష్టం. దాతలు గోడ కట్టించి పేరు చెక్కించుకుంటారు, జీతం ఇవ్వడానికి ముందుకు రారు. ఇల్లిచ్చేవాళ్ల దగ్గర కనీసం అయిదేళ్లకు అగ్రిమెంటు రాయించుకోండి. లేదంటే ఇంట్లో పెళ్లి రాగానే ఖాళీ చేయమంటారు.

అమెరికాలో ఉన్నాం. అక్కడినుంచి ఏం చేయగలం?

పవర్ ఆఫ్ అటార్నీ అయితే కాన్సులేటులో ధ్రువీకరించి పంపండి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఆ గడువు దాటితే చిక్కే. డబ్బు పంపడం ఒక్కటే మీ వంతు కాదు. ఊళ్లో నిర్ణయం తీసుకునే ఒక మనిషిని ఒప్పించండి. అర్ధరాత్రి 108కి ఫోన్ చేసి, ఏ ఆస్పత్రికో చెప్పి, అడ్వాన్సు కట్టే మనిషి. అతని ఖాతాలో అత్యవసరానికి కొంత సొమ్ము ముందే వేసి ఉంచండి. మందుల చీటీ, ఆధార్, ఆరోగ్య కార్డు జిరాక్సులు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంటి వెనక తలుపుకు మేకు కొట్టి తగిలించండి. ఇంకో తాళంచెవి ఎదురింట్లో ఇవ్వండి.